ముందే చెప్పిన పేరు

ఆ వీధి చివర పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళకి రెండు బాధలు. ఒకటి పంటిది, రెండోది డాక్టరు నోటిది. మొదటిదానికి మత్తు ఇంజెక్షన్ ఉంది. రెండోదానికి ఇంతవరకూ ఎవరూ మందు కనిపెట్టలేదు. నోరు బార్లా తెరిచి, బుగ్గ లోపల దూది ఉండలు కుక్కి, నాలుక పక్కన నీళ్ళు పీల్చే గొట్టం తగిలించాక ఎంతటివాడైనా ఏం మాట్లాడతాడు? "ఆఁ" అన్నా "ఊఁ" అన్నా ఒకటే మోత. ఆ మోతని డాక్టరు ఒప్పుకోలు కింద జమకట్టుకుని ముందుకి సాగిపోయేవాడు.

ఆయన మాటల్లో రాజకీయాలుండవు, ధరవరలుండవు. ఉన్నదల్లా నాటకమే. ఊళ్ళోని రంగశాలలో ఏ నాటకం పడినా ఆయన ముందు వరసలో ఉండాల్సిందే. ఇక ఏటా నాటక సంఘం వాళ్ళు అవార్డుల సభ పెట్టే వారమైతే చెప్పక్కర్లేదు. ఏ బహుమతి ఎవరికి వస్తుందో ముందే చెప్పేసేవాడు. చెప్పింది చెప్పినట్టు జరిగేది. తొమ్మిదేళ్ళుగా ఒక్కటీ తప్పలేదు. జడ్జీలు ముగ్గురు. వాళ్ళెవరో సంఘం కార్యదర్శికి తప్ప మరొకరికి తెలియదు, సభలో కూడా వాళ్ళ పేర్లు చెప్పరు. అయినా డాక్టరు వాళ్ళ బుర్రల్లోకి దూరి చూసొచ్చినట్టు చెప్పేవాడు. అందుకే ముందుచూపు డాక్టరని పేరు పడింది. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఆయనకి ఆ పూట భోజనం అక్కర్లేదు.

ఆ సోమవారం పొద్దున కుర్చీలో పడుకున్నది లెక్కల మాస్టారు. రిటైరైన మనిషి. డాక్టరు చిన్నప్పుడు ఆయన చేతి దెబ్బలు తిన్నవాడే. కుడివైపు కింది దవడలో ఒక పన్నుకి క్యాప్ వెయ్యాలి. దానికోసం ఆ పన్నుని చుట్టూ అరగదీస్తున్నాడు. డ్రిల్లు గుయ్యిమంటోంది. పక్కన సిస్టరు ఒక చేత్తో గొట్టం పట్టుకుని, రెండో చేత్తో చిన్న అద్దం పెట్టి మాస్టారి బుగ్గని పక్కకి లాగి ఉంచింది.

"ఉత్తమ నాటకం సంగతి వదిలెయ్యండి మాస్టారూ, అది చంటిపిల్లాడిని అడిగినా చెబుతాడు. ఉత్తమ నటుడూ అంతే. అసలు పోటీ అంతా ఉత్తమ నటి దగ్గరే ఉంది. కొంచెం ఇటు తిరగండి. ఆఁ, చాలు. ఆఖరి వడపోతలో మిగిలింది ముగ్గురు. ఒకరు మన రాణీగారు. ఇంకొకరు ఆ కాలేజీ పిల్ల. మూడో మనిషి ఎవరో చెప్పుకోండి చూద్దాం? ఇదిగో, మీ బుగ్గ పట్టుకుని నిలబడిందే, మా సిస్టరు!"

మాస్టారి కళ్ళు గిర్రున తిరిగి సిస్టరు మీద ఆగాయి. ముక్కు దాకా గుడ్డ కట్టుకున్న ఆ అమ్మాయి కళ్ళు మాత్రం పన్ను మీదే ఉన్నాయి.

"కానీ వచ్చేది రాణీగారికే. ఇందులో రెండో మాట లేదు. ఆ అనుభవమేమిటి, ఆ గొంతేమిటి, ఆవిడ స్టేజి మీద అడుగు పెడితే హాలు హాలంతా చప్పట్లేమిటి! జడ్జీలు ఎవరన్నా కానీండి, బుర్రంటూ ఉన్నవాళ్ళయితే కళ్ళు మూసుకుని ఆవిడకే ఇస్తారు. ఏమంటారు?"

"ఊఁ" అన్నారు మాస్టారు.

"చూశావా సిస్టర్? మాస్టారు కూడా ఒప్పేసుకున్నారు!"

డాక్టరు గొంతులో ఉన్నది వట్టి వెటకారం. రాణీగారి నటన మీద ఆయనకి చిన్నమెత్తు గౌరవం లేదు. ఆవిడ ఊళ్ళోకెల్లా పెద్ద నాటక బృందం యజమాని భార్య. రాణి వేషం తప్ప వెయ్యదు, వేశాక మెడ తిప్పదు, కథలో కొడుకు పుట్టినా మొగుడు పోయినా గొంతు ఒకే శ్రుతిలో ఉంటుంది. ఆ వెటకారం రోజూ వినే సిస్టరుకి అర్థమవుతుంది. డ్రిల్లు మోత కింద గుండె బిగబట్టుకుని పడుకున్నవాళ్ళకి అర్థమవుతుందో లేదో డాక్టరు ఎన్నడూ ఆలోచించలేదు.

సిస్టరు చేతిలో గొట్టం ఒక్క క్షణం పక్కకి జారింది. నీళ్ళు గొంతులోకి పోయి మాస్టారికి పొలమారింది.

"చూసుకో" అన్నాడు డాక్టరు.

"సారీ మాస్టారూ" అని ఆమె గొట్టం సరిచేసింది. ఆ చెయ్యి ఎప్పుడూ జారే చెయ్యి కాదు.

మధ్యాహ్నం పేషెంట్లు పలచబడ్డాక ఆమె పళ్ళెంలోని పరికరాలన్నీ సబ్బునీళ్ళలో వేసి ఒక్కొక్కటీ బ్రష్షుతో తోముతోంది. డాక్టరు పక్క గదిలో టిఫిన్ డబ్బా మూత తీస్తూ తలుపులోంచి చూశాడు. చిన్న కొక్కెం ఒకదాన్ని తోమిందే తోముతోంది.

"కోపమొచ్చిందా?"

"నాకెందుకండీ కోపం?"

"నీ నటన నాకెంత ఇష్టమో నీకు తెలుసు. ఆ నాటకం మూడుసార్లు చూశాను. కానీ ఎవరికి రావాలన్నది వేరు, ఎవరికి వస్తుందన్నది వేరు. నేను చెప్పేది ఎప్పుడూ రెండోదే. అందుకే తప్పదు."

"అబద్ధానికైనా ఒక్కసారి నా పేరు చెప్పొచ్చుగా?" ఆమె తలెత్తకుండానే అంది. "మీరు చెబితే జనం నమ్ముతారు. జనం నమ్మితే నేనూ నమ్ముదును కదా, ఈ నాలుగు రోజులైనా."

"లేని ఆశ పెట్టడం పాపం తల్లీ. తర్వాత పడితే దెబ్బ గట్టిగా తగుల్తుంది."

ఆమె కొక్కేన్ని పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంది. ఈ బహుమతి ఆమెకి అలమరలో పెట్టుకునే జ్ఞాపిక కాదు. ఉత్తమ నటికి రంగశాల సొంత బృందంలో చోటు ఇస్తారు. అంటే పొద్దున లేస్తే నాటకమే ఉద్యోగం. ఆమె భర్తకి వేరే ఊళ్ళో పని. ఆ ఊళ్ళో రంగశాల లేదు, నాటకం ఆడేవాళ్ళూ లేరు. "ఈ ఒక్కసారి చూద్దాం" అన్నాడాయన. వస్తే తనే ఇక్కడికొచ్చి పని వెతుక్కుంటానన్నాడు. రాకపోతే నెలాఖరుకి ఆమె సామాను సర్దుకుని అక్కడికి పోవాలి. ఆయన దుర్మార్గుడేం కాదు. ఎన్నాళ్ళని చెరో ఊళ్ళో వంట చేసుకుంటారు? అదీ నిజమే. అన్నిటికన్నా కడుపు మండే సంగతేమిటంటే, రాణీగారికి ఆ చోటు అక్కర్లేదు. బహుమతి తీసుకుంటుంది, చోటు తీసుకోదు. ఆ ఏడాదంతా అది ఖాళీగా పడి ఉంటుంది.

"భోజనం చేసెయ్" అన్నాడు డాక్టరు.

"ఇవి అయ్యాక" అంది ఆమె.

గురువారం మాస్టారు చెప్పిన వేళకన్నా ముందే వచ్చేశారు. క్యాప్ ఇంకా రాలేదు. దాన్ని తయారుచేసే చోటు నాలుగు వీధుల అవతల ఉంటే, తీసుకురావడానికి సిస్టరు వెళ్ళింది. డాక్టరు మాస్టారిని కుర్చీలో కూర్చోబెట్టి, పన్ను మీది తాత్కాలికపు తొడుగు లాగేసి, చుట్టూ అంటుకున్న పాత సిమెంటు గీకి తీశాడు. మొదటిసారిగా మాస్టారి నోట్లో గొట్టం లేదు.

ఆయన నోరు పుక్కిలించి ఉమ్మి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, గది గుమ్మం వైపు ఒకసారి చూశారు.

"ఒరే అబ్బాయ్, సోమవారం చెప్పావు చూడు, రాణీగారి సంగతి. ఆ మాటకి తిరుగు లేదుగా?"

"నా మాటకి ఎప్పుడుంది మాస్టారూ?"

"అది కాదురా. రేపు పొద్దున మేము కూర్చుని రాసిచ్చెయ్యాలి. అందుకని ఇంకోసారి కనుక్కుంటున్నా."

డాక్టరు చేతిలో గీకే పరికరం ఉంది. దాన్ని పళ్ళెంలో పెట్టబోయి పెట్టలేదు.

"ఎవరు మాస్టారూ, మేము అంటే?"

"ఈ మాట గది దాటకూడదు సుమా. సంఘం వాళ్ళు నన్ను వేసి పదేళ్ళవుతోంది. నాకు నాటకాలేం తెలుసురా? లెక్కల వాణ్ణి. ఈయనైతే ఎవరి దగ్గరా టీ నీళ్ళు కూడా తాగడని వేశారు. మిగతా ఇద్దరూ ఏటేటా మారిపోతారు, పెద్దవాణ్ణి కదాని నా మొహం చూస్తారు. మొదటి ఏడు తలా తోకా తెలియక కొట్టుకున్నాను. ఆ తర్వాత నీ దగ్గరికి పంటి కోసం వచ్చాను. నువ్వు మాట్లాడుతుంటే వింటే, ఆహా, వీడికి కదా తెలుసు అనిపించింది. అప్పట్నుంచీ నువ్వు చెప్పిందే. లెక్కల్లో నీకు అత్తెసరు మార్కులు వేశాను గానీ, ఇందులో నిన్ను మించినవాడు లేడు. తొమ్మిదేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు చూడు!"

"తప్పలేదంటే..." అన్నాడు డాక్టరు. "మాస్టారూ, మీరు నేను చెప్పినట్టు రాస్తే ఇంక తప్పేదెలాగ?"

మాస్టారు నవ్వారు. "అదేమిటి, నువ్వు కరెక్టుగా చెప్పబట్టే కదా నేను రాసింది?"

డాక్టరు చక్రాల స్టూలు లాక్కుని కూలబడ్డాడు. ఇన్నేళ్ళూ ఎక్కడో మూసిన తలుపుల వెనక అడ్డమైన లెక్కలూ వేసుకునే ముగ్గురు గుంటనక్కల్ని ఊహించుకుని, వాళ్ళ బుర్రలు చదివేస్తున్నానని మురిసిపోయాడు. అక్కడున్నది తన మాటే. తన వెటకారాన్ని నిక్కమని నమ్మిన ఒక పెద్దాయన తప్ప ఆ తలుపుల వెనక ఎవరూ లేరు. విదూషకుడి వేషంలో హాలుని నవ్వించి నవ్వించి ఏడిపించిన ముసలాయన గుర్తొచ్చాడు. "నవ్వించేవాడికి ఎవడిస్తాడండీ బహుమతి?" అని తనే అన్నాడు, ఈ కుర్చీ దగ్గరే, ఈయనతోనే. ఆ ముసలాయన ఆ తర్వాత వేషం కట్టడం మానేశాడు. ఇప్పుడు రంగశాల గేటు దగ్గర టికెట్లు చింపుతున్నాడు.

"మాస్టారూ, నేను చెప్పింది ఎవరు బాగా చేశారని కాదు. ఎవరికి ఇస్తారో అని. అవి వేరు."

"వేరెలా అవుతాయిరా? బాగా చేసినవాళ్ళకే కదా ఇచ్చేది?" ఆయన కళ్ళలో కల్మషం లేదు. లెక్క తప్పు చేసిన పిల్లవాడి పలక చూసినట్టు చూస్తున్నారు.

డాక్టరు స్టూలు దగ్గరికి జరిపాడు. "పోనీ, మీకెవరు నచ్చారు? నన్ను వదిలెయ్యండి. మీకు."

"నాదేముంది..." మాస్టారు సిగ్గుపడ్డారు. "మీ సిస్టరు నాటకంలో ఆ తల్లి లేదూ, గనిలోకి పోయిన కొడుకు చొక్కాకి గుండీ కుడుతుంది. కుట్టి, దారం పంటితో కొరికి, చొక్కా దులిపి, ఆ గుండీ పెట్టి చూసింది. అప్పుడు ఆ చేతులు ఆగిపోయాయిరా. ఎవరూ ఆవిడకి ఏమీ చెప్పలేదు. కొడుకు ఇక రాడని చేతులకే తెలిసిపోయింది. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. కానీ నాబోటివాడికి ఏడుపు దేనికైనా వస్తుంది. అది లెక్కలోకి తీసుకోకూడదనుకున్నా. పైగా నువ్వు రాణీగారన్నావు." కాస్త ముందుకి వంగారు. "ఏం, మాట మార్చుకుంటున్నావా? ఆ అమ్మాయికే రాసెయ్యమంటావా? చెప్పు, అలాగే రాస్తాను."

ఒక్క మాట. "అవును" అంటే చాలు. మాస్టారు ఆ మాట కోసమే మొహం ఎత్తి చూస్తున్నారు. అలా ఎదురుచూస్తున్న మొహాన్ని చూస్తే డాక్టరుకి భయమేసింది. ఇప్పుడు తను కాలేజీ పిల్ల పేరు చెప్పినా రాస్తారు, గేటు దగ్గర ముసలాయన పేరు చెప్పినా రాస్తారు.

నోరు తెరవబోతుండగా గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. సిస్టరు. చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపటినుంచి అక్కడ నిలబడిందో.

"మాస్టారూ, నోరు తెరవండి" అంది.

"అమ్మాయ్, ఒక్క నిమిషం..."

"క్యాప్ వచ్చేసింది. తెరవండి."

ఆమె చేతులు కడుక్కుని, గుడ్డ కట్టుకుని, దూది ఉండలు రెండు తీసి మాస్టారి బుగ్గలో ఒకటి, నాలుక పక్కన ఒకటి పెట్టేసింది. గొట్టం తగిలించింది. అప్పుడు డాక్టరు వైపు చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు, "మీరూ అంతే" అన్న హెచ్చరిక ఉంది.

ఆ గదిలో అంత నిశ్శబ్దంగా పని జరగడం అదే మొదలు. డాక్టరు పన్నుని గాలితో ఆరబెట్టి క్యాప్ తొడిగి చూశాడు. ఆమె నీలం కాగితం ముక్క అందించింది. మాస్టారు కొరికారు. క్యాప్ మీద ఒకచోట మరక పడింది. దాన్ని తీసి అక్కడ అరగదీశాడు. మళ్ళీ తొడిగాడు, మళ్ళీ కాగితం, మళ్ళీ కొరకడం. గాజు పలక మీద ఆమె సిమెంటు పొడీ ద్రవమూ కలిపింది. గరిటెతో లాగితే తీగ సాగేదాకా కలపాలి, అంతకు మించితే గట్టిపడిపోతుంది. ఆమె సరిగ్గా అక్కడే ఆపి క్యాప్ నింపి ఇచ్చింది. డాక్టరు క్యాప్ పన్ను మీద పెట్టి అదిమి, పైన దూది పెట్టి, "గట్టిగా కొరికి పట్టుకోండి" అన్నాడు. మాస్టారు కళ్ళు ఒకసారి ఆయన మీద, ఒకసారి ఆమె మీద తిప్పుతూ పడుకున్నారు.

అయిపోయాక ఆయన లేచి, చెప్పులు వేసుకుని, గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగారు. అడిగిన ప్రశ్నకి జవాబు కోసం అన్నట్టు డాక్టరు మొహంలోకి చూశారు. సిస్టరు పలక మీది సిమెంటు గీకడం ఆపి కదలకుండా నిలబడింది.

"ఇవాళ్టికి గట్టివేమీ నమలకండి మాస్టారూ" అన్నాడు డాక్టరు.

మాస్టారు కాసేపు చూసి తల ఊపారు. "సరే నాయనా, అర్థమైంది" అని మెట్లు దిగిపోయారు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి డాక్టరు విరుచుకుపడ్డాడు. "ఎందుకు అడ్డుపడ్డావు? ఒక్క మాటతో అయిపోయేది!"

"అయిపోయేది. మీరిచ్చిన బహుమతి అయ్యేది." ఆమె గుడ్డ కిందికి లాగింది. "జీతానికి మీ దగ్గర పనిచేస్తున్నాను. బహుమతికి కూడా మీ దగ్గరే పనిచెయ్యాలా?"

"న్యాయంగా నీకు రావలసిందే కదా!"

"ఆ న్యాయం సోమవారం ఎక్కడికెళ్ళింది? ఆయన నోట్లో గొట్టం పట్టుకుని నేను పక్కనే నిలబడి ఉన్నాను. నేను వింటుండగా ఆవిడ పేరు చెప్పారు. బుర్రున్నవాళ్ళయితే ఆవిడకే ఇస్తారన్నారు."

"వెటకారానికన్నానని నీకు తెలుసు."

"నాకు తెలుసు. ఆయనకి తెలియాలిగా?"

డాక్టరు పళ్ళెంలోని దూది ముక్కలు బుట్టలో వేశాడు. ఆమె గొంతు తగ్గించి అంది: "ఆయనకేం నచ్చిందో ఆయన మీకు చెప్పారు, విన్నాను. మీరు అవుననలేదు, కాదనలేదు, కాబట్టి ఇప్పుడు ఆయనకి మీ మాట లేదు. తన మనసులో ఏముంటే అది రాస్తారు. అలా వస్తే రానివ్వండి."

ఆ మాటతో డాక్టరు మనసు కాస్త కుదుటపడింది. నిజమే, మాస్టారు గుమ్మం దగ్గర "అర్థమైంది" అన్నారు కూడా. ఆ సాయంత్రం ఆయన మాస్టారి వీధి దాకా నడిచి వెళ్ళాడు. పెద్దాయన కిటికీ పక్కన కూర్చుని పెన్ను క్లిప్పుతో చెవి గోక్కుంటూ ఏదో ఆలోచిస్తున్నారు. తలుపు కొట్టడమా మానడమా అని డాక్టరు కరెంటు స్తంభం పక్కన నిలబడ్డాడు. తలుపు కొడితే మళ్ళీ తన మాటే అవుతుంది. మాట లేకుండా వెనక్కొచ్చాడు. ఇంటికొచ్చాక పెళ్ళాం ఆయన్ని ఎగాదిగా చూసి, "ఏమిటివాళ? ఎవరైనా మీకే మత్తు ఇంజెక్షన్ ఇచ్చారా?" అంది. ఆయన నవ్వలేదు.

శుక్రవారమంతా పేషెంట్లు అడుగుతూనే ఉన్నారు, ఫలానా బహుమతి ఎవరికి, ఫలానాది ఎవరికి అని. డాక్టరు "నోరు తెరవండి" అనడం తప్ప ఏమీ అనలేదు. మధ్యాహ్నం సిస్టరు ఎవరూ లేనప్పుడు, "ఈపాటికి రాసేసి ఉంటారు" అంది. అని, అన్నందుకు తనే సిగ్గుపడి పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది. ఆశ వద్దనుకుంటే మాత్రం ఆగుతుందా?

శనివారం సాయంత్రం రంగశాల కిక్కిరిసింది. గేటు దగ్గర ముసలాయన డాక్టరు టికెట్టు చింపుతూ, "ఈసారి ఎవరికండీ?" అని కన్నుకొట్టాడు. డాక్టరు ఆయన మొహంలోకి చూడలేక లోపలికి వెళ్ళిపోయాడు. సిస్టరు మూడు వరసల అవతల భర్త పక్కన కూర్చుంది. ఆయన దీనికోసమే ఊరినుంచి వచ్చాడు. ఆమె మడత నలగని చీర కట్టుకుంది, రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా పట్టుకుంది. అటు చివర మాస్టారు, ఎవరికీ ఏమీ కానివాడిలా, ఒంటరిగా.

ఉత్తమ నాటకం అయింది. ఉత్తమ నటుడు అయింది. రెండూ డాక్టరు వారం మొదట్లో అందరికీ చెప్పినవే. జనం వెనక్కి తిరిగి ఆయన వైపు చూసి చేతులూపారు. ఆయన తిరిగి చెయ్యి ఊపలేదు. అవి వేరు, అని తనకి తనే చెప్పుకున్నాడు. అవి ఎలాగూ వాళ్ళకే రావాలి. కార్యదర్శి ఇంకో కవరు చింపాడు. లోపలి కాగితం తీసి, కళ్ళజోడు సర్దుకుని, మైకుని రెండుసార్లు వేలితో తట్టాడు. ఆ తట్టుడు డాక్టరు గుండెల మీద పడింది.

"ఉత్తమ నటి... మన రాణీగారు!"

హాలు దద్దరిల్లింది. రాణీగారు మెడ తిప్పకుండా లేచి, మెడ తిప్పకుండా మెట్లెక్కి, జ్ఞాపిక అందుకుంది. సిస్టరు చప్పట్లు కొట్టింది. అందరితో పాటు మొదలుపెట్టి, అందరితో పాటు ఆపింది. ఆమె భర్త ఏదో అడిగితే తల అడ్డంగా ఊపింది.

డాక్టరు తల తిప్పి మాస్టారి వైపు చూశాడు. పెద్దాయన ఇటే చూస్తున్నారు. మాట నిలబెట్టాను చూశావా అన్నట్టు, సంతోషంగా తల పంకించారు.

అప్పుడు మైకులో డాక్టరు పేరు వినబడింది. సభ చివర ఇదొక వేడుక. ఏదో పాత నాటకంలో వాడిన అట్ట దుర్భిణి ఒకటుంది. దాన్ని ఏటా ముందుచూపు డాక్టరు చేతిలో పెట్టి, రెండు ముక్కలు మాట్లాడించి, నవ్వించి, జనాన్ని ఇళ్ళకి పంపిస్తారు. "పదేళ్ళు! ఒక్కటీ తప్పలేదు! రండి డాక్టరుగారూ!" అని కార్యదర్శి అరుస్తున్నాడు. పక్కవాళ్ళు చంకల్లో చేతులు వేసి లేపారు. ఆయన మెట్లెక్కాడు. దుర్భిణి చేతిలో పెట్టారు. ఎదురుగా వందల మొహాలు, నవ్వడానికి సిద్ధంగా.

నిజం చెప్పాలనిపించింది. చెబితే, ఎవరి దగ్గరా టీ నీళ్ళు తాగని ఆ పెద్దాయన పరువు ఈ హాల్లో గంగలో కలుస్తుంది. చెప్పకపోతే ఆ అమ్మాయికి జరిగిన అన్యాయం ఎవరికీ తెలియదు.

"ఈసారి నా జోస్యం తప్పింది" అన్నాడు.

జనం గొల్లుమన్నారు. అన్నీ చెప్పినట్టే జరిగితే తప్పిందంటాడేమిటి, ఇది కొత్త జోకు అనుకున్నారు.

"తప్పింది" అని మళ్ళీ అన్నాడు. నవ్వు అక్కడక్కడ ఆగింది. దుర్భిణిని బల్ల మీద పెట్టేసి మెట్లు దిగుతూ ఆయన ఒక్క మొహమే చూశాడు. మాస్టారి మొహంలో సంతోషం మెల్లగా ఆరిపోతోంది. లెక్క చివరికొచ్చాక మొదటి మెట్టులోనే తప్పుందని తెలిసినవాడిలా ఆయన కూర్చున్నచోటే ఉండిపోయారు.

సోమవారం క్లినిక్ తలుపులు తీసేసరికి మాస్టారు మెట్ల మీద ఉన్నారు. మొహం పీక్కుపోయింది. డాక్టరు కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నేనడిగితే నువ్వు పలకలేదు. మాట మార్చుకోలేదు కాబట్టి మొదటి మాటే ఖాయమనుకున్నాను" అన్నారు. "పైగా నీ దగ్గర పనిచేసే పిల్ల. ఆ పిల్ల ఎదుటే నిలబడినా ఆ పిల్ల పేరు చెప్పలేదంటే వీడెంత నిష్పక్షపాతి అని, ఇంకా గట్టిగా రాశాను."

"తప్పు నాది మాస్టారూ" అన్నాడు డాక్టరు. ఆ మాట ఎంత చిన్నదో అన్నాక తెలిసింది.

మాస్టారు ఆయన్ని పట్టించుకోలేదు. పరికరాల పళ్ళెం పట్టుకుని లోపలినుంచి వచ్చిన సిస్టరు ఎదుట నిలబడ్డారు. "నాకు నచ్చింది నువ్వే తల్లీ. నువ్వొక్కదానివే."

ఆమె పళ్ళెం బల్ల మీద పెట్టింది. పరికరాలు గలగలమన్నాయి.

"ఆ మాట నాతో ఎందుకు మాస్టారూ? రాయాల్సిన చోట రాయలేదుగా!" అంది ఆమె. "నిన్ననే సామాను సర్దడం మొదలుపెట్టాం. ఇప్పుడొచ్చి చెబితే నేనేం చేసుకోను?"

"కార్యదర్శి దగ్గరికెళ్ళి అంతా చెబుతాను. తప్పుకుంటాను. నాకు తెలియని పని పదేళ్ళు చేశాను."

"తప్పుకోకండి." ఆమె కళ్ళు తుడుచుకుంది. "మీరు తప్పుకుంటే ఇంకెవరో వస్తారు, ఇంకెవర్నో అడుగుతారు. ఉండండి. వచ్చే ఏడు మీకెవర్ని చూస్తే ఏడుపొస్తే వాళ్ళ పేరు రాయండి. ఈయన్ని అడక్కండి."

మాస్టారు తలెత్తారు. "ఏడుపొచ్చిందని డాక్టరుతో అన్నది విన్నావా?"

"వినక్కర్లేదు, చూశాను. స్టేజి మీంచి మొదటి నాలుగైదు వరసలూ కనబడతాయి మాస్టారూ. గుండీ పెట్టాక తలెత్తితే ఎదురుగా మీరు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. జడ్జీలెవరో నాకేం తెలుసు? కానీ ఆ క్షణాన, ఈసారి బహుమతి నాదే అనుకున్నాను. ఈయన ఎన్ని చెప్పినా నమ్మకుండా అదే పట్టుకుని ఉన్నాను. నా జన్మలో నేను చెప్పుకున్న జోస్యం అదొక్కటే."

బయట బెంచీ మీద మొదటి పేషెంటు దగ్గాడు. ఆమె చేతులు కడుక్కుని, గుడ్డ కట్టుకుని, ఆయన్ని లోపలికి పిలవడానికి వెళ్ళింది.